రెడ్డెమ్మ కొట్టంలో పడ్డ పిడుగు

వేసవి సెలవుల్లో జనం ఊటీకో తిరుపతికో పోతారు. నేను రాళ్ళు పగలగొట్టడానికి పోయాను. జైల్లో ఊరికే చేయించే పనిని సొంత డబ్బు పెట్టుకుని చేయడానికి బయల్దేరిన ఆడది తెనాలి మొత్తంలో నేనొక్కదాన్నేనని మావారు ప్లాట్‌ఫారం మీద నలుగురూ వినేట్టు చెప్పి మరీ రైలెక్కించారు.

సంగతేమిటంటే, నేను ఆడపిల్లల హైస్కూల్లో డ్రాయింగు టీచర్ని. తొంభైల్లో ఒకసారి మా సోషల్ టీచరు సరళ కోసం ఆదిమానవుడి చార్టు వేస్తూ వాడి చేతిలో బాణం గీశాను, దాని కొనకు రాతి ములికి గీశాను. గీసినదాన్ని ఎలా చేశారో తెలియకపోతే నాకు నిద్ర పట్టదు. లైబ్రరీలో ఓ పాత పుస్తకం పట్టుకుని, సోడాసీసాల అడుగులతో మొదలుపెట్టాను. గాజును గుండ్రాయితో పగలగొట్టి, ఆ ముక్క అంచు వెంబడి రాగి మేకుతో నొక్కుతూ పోతే చేప పొలుసుల్లా పెచ్చులు లేస్తాయి. రెండేళ్ళు తిరిగేసరికి గాజు ములుకులు చక్కగా కుదిరాయి. కానీ ఆదిమానవుడికి సోడాసీసా ఎక్కడిది? పలుగురాయితో చేస్తేనే చేసినట్టు. అందులోనూ తెల్లగా మబ్బు పట్టింది కాదు, అవతలి వస్తువు కనబడే స్ఫటికం కావాలి. దొరికిన రెండు మూడింటితో ప్రయత్నించాను గానీ, ప్రతిదీ ఆఖరి నొక్కు దగ్గర రెండు ముక్కలై కూర్చుంది.

మావారికి స్టేషన్లో టిక్కెట్లిచ్చే ఉద్యోగం, ఇంట్లో గులాబీల పిచ్చి. వెనక వరండా నిండా ఆయన కుండీలే. ఒకనాడు నా పెచ్చు ఒకటి ఆయన కాల్లో దిగింది. పందెం ఆ కట్టు కట్టేటప్పుడే పుట్టింది. నేను ఒక్క పలుగురాయి ములికి నిండుగా చేసి ఆయన అరచేతిలో పెడితే కుండీలు డాబా ఎక్కుతాయి, వరండా నాది. పెట్టలేకపోతే నా రాళ్ళన్నీ కాలవలోకి, నేను తిరిగి ఎంబ్రాయిడరీలోకి. "మాటలు చెబితే కుదరదు, వస్తువు కనబడాలి," అన్నారు. రోజంతా చిల్లర చేతిలో పడితేగాని టిక్కెట్టివ్వని మనిషి, ఇంకెలా అంటారు?

"మా పెద్దమ్మ వాళ్ళ ఊళ్ళో, పుంగనూరు అవతల, వాన పడితే చేలల్లో పలుగురాళ్ళే తేలతాయి. పోయి ఏరుకో," అంది సరళ. సంచిలో గుండ్రాయి, తొడ మీద పరుచుకోవడానికి మందపాటి తోలుముక్క, మావారి స్కూటరు కళ్ళద్దాలు, మా ఇంటి అప్పడాల కర్ర సర్దుకున్నాను. కర్ర కొసన రాగి మేకు దిగ్గొట్టి ఉంటుంది. అది దిగ్గొట్టిన నాటినుంచి అప్పడాలు కొనుక్కుంటున్నాం.

మదనపల్లెలో నాలుక చేసిన పని

మదనపల్లెలో ఊరికంటే ముందు టమాటాల వాసన ఎదురొచ్చింది. ఆ వారం ధర పడిపోయిందట. గంప నిండా ఇచ్చే డబ్బుకు మా తెనాలిలో కిలో రాదు. మార్కెట్టు బయట ఒక రైతు కొనమని కూడా అడగలేదు, "తీస్కపోమ్మా, నీకు పున్నెముంటాది," అన్నాడు. పుణ్యం కోసం ఒకటి కొరికాను. అది నా వాయిలు చీర మీద చిమ్మింది, ఆ మరక ఈనాటికీ ఉంది.

హోటల్లో రాగి సంగటి, ఊరిబిండి పెట్టారు. ఊరిబిండి అంటే వేరుశనగపప్పుల రోటిపచ్చడి. మా వైపు విస్తట్లో అన్నం నాలుగు పక్కలా పరుచుకుంటుంది, ఇక్కడ సంగటి ముద్ద పెళ్ళిపెద్దలా నడిమధ్యన కూర్చుంటుంది. నేను దాన్ని అన్నంలా నమలడం చూసి ఎదుటి బల్ల పెద్దాయన తట్టుకోలేకపోయాడు.

"నమిలేది గాదమ్మా, మింగేది. సంగటిని నమిలితే పొద్దుగూకేదాకా ఈడ్నే ఉంటావు."

మింగాను. సాయంత్రం దాకా మళ్ళీ ఆకలి అన్న మాటే గుర్తు రాలేదు.

తిరుగుతూ తిరుగుతూ ఓ పూజాసామగ్రి అంగడి ముందు ఆగాను. స్ఫటిక మాలలు వేలాడుతున్నాయి. "ఒరిజినల్," అన్నాడు అంగడాయన. గాజుకూ పలుగుకూ తేడా కనిపెట్టడానికి నాకో చిట్కా ఉంది. నాలుకకు తాకిస్తే గాజు తొందరగా వెచ్చబడుతుంది, పలుగు చల్లగానే ఉంటుంది. ఇంట్లో రోజూ చేసే పనే కదా, ఆలోచించకుండా ఒక పూసను నాలుకకు తాకించాను. ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"యాంది తల్లీ నువ్వు సేసింది? జపమాలను నాకుతారా యాడన్నా?"

"గాజో పలుగో చూస్తున్నానండీ."

"ఎంగిలి సేస్తివి గదమ్మా! ఇంగ దీన్ని ఎవురికమ్మేది? నువ్వే తీసుకోవాల."

"ఇది గాజే."

"గాజైతే మాత్రం? ఎంగిలి ఎంగిలే గదా!"

న్యాయమైన మాట. నూట ఇరవై అని మొదలుపెట్టి అరవై దగ్గర ఆగాడు. ఎంగిలి మాలకు పొట్లం కట్టడానికి కూడా ఒప్పుకోలేదు. సంచిలో వేస్తే గుండ్రాయి కింద పడి పూసలు పగులుతాయని మెళ్ళో వేసుకున్నాను.

పుంగనూరు బస్సు ఎక్కానో లేదో, మాల పని చేయడం మొదలుపెట్టింది. పక్కనున్నావిడ తన అరచేయి తెచ్చి నా ఒళ్ళో పెట్టి, "మా కొడుక్కి ఉద్దోగం ఎప్పుడొస్తాదో జెప్పమ్మా," అంది. నేను డ్రాయింగు టీచర్నని చెప్పాను. "అట్లనే అంటారులే పెద్దోళ్ళు," అంటూ లేచి తన కిటికీ సీటు నాకిచ్చింది. సీటు బాగుంది, గాలి బాగుంది. మాల తీయలేదు.

పుంగనూరు అవతల, నా నడుమెత్తు ఆవు

సరళ పెద్దమ్మ పేరు రెడ్డెమ్మ. డెబ్బైకి దగ్గర్లో ఉంటుంది. నన్ను చూడగానే చెంబుతో నీళ్ళు, పళ్ళెంలో బొరుగులు, బెల్లం పెట్టింది. మేము మరమరాలంటామే, అవే బొరుగులు. అవి తింటూ కొట్టం వైపు చూసి, "దూడ ముద్దుగా ఉందండీ, తల్లేదీ?" అన్నాను.

రెడ్డెమ్మ మొహం మాడిపోయింది. "అదే తల్లి. దూడ దాని ఎనకాల ఉండాది సూడు. పుంగనూరు ఆవు ఇంతే ఉంటాది. నువ్వు మాత్రం పొడుగుండావా యేంది?"

నా ఎత్తు గురించి మావారు కూడా అంత సూటిగా అనలేదు. నిజానికి ఆ ఆవు నా నడుం దాటదు. తెల్లటి ఒళ్ళు, నేల రాసే తోక, మనిషిని ఎగాదిగా చూసే కళ్ళు. చిక్కల్లా ఒకటే, ఈనిన దగ్గర్నుంచీ పాలు చేపడం లేదు, అంటే పొదుగులోకి వదలడం లేదు. రెడ్డెమ్మ కొడుకు మునెప్ప చెంబు పట్టుకుని కూర్చుంటే చాలు, కాలు విసురుతుంది. ఆవు పొట్టిదే గానీ తాపు పొడుగు.

"పాలియ్యని ఆవును మేపేదెట్ల? ఇంగ మూడు దినాలకు బేరగాడొస్తాండాడు. దీన్ని తోలేసి జెర్సీ సీమావును కట్టుకుంటా," అన్నాడు మునెప్ప నాతో, తల్లికి వినబడేట్టు.

"దీనమ్మమ్మ పాలు తాగి పెరిగినోడివి నువ్వు," అంది రెడ్డెమ్మ. లోపలికి పోయి ఎసరు పెట్టింది. ఆ రోజు వంటలో ఉప్పు పడలేదు. మేమూ అడగలేదు.

మర్నాడు మునెప్ప చేలో నేను రాళ్ళేరాను. సరళ అబద్ధమాడలేదు. దుక్కి దున్నిన చాళ్ళలో, చెక్కిన పెన్సిళ్ళలా ఆరు పలకల స్ఫటికాలు వేలెడేసి తేలి ఉన్నాయి. కొట్టం ముందు తోలుముక్క పరుచుకుని, స్కూటరు కళ్ళద్దాలు పెట్టుకుని కూర్చునేసరికి ఊరు సగం వచ్చింది. 

"వజ్రాలకా?" అన్నారొకరు.

"కాదు, బాణం ములికి చేస్తున్నాను."

"యెవురి మీదికి?"

"మా ఆయన మీదికే."

ఆడవాళ్ళంతా మెచ్చుకున్నారు. కానీ పని మాత్రం మెప్పు పొందేట్టు సాగలేదు. మొదటి రాయి దెబ్బకే పొడైంది. రెండోదాని లోపల మబ్బు ఉంది, ఆ మబ్బు దగ్గరే చీలింది. మునెప్ప అరుగు మీద కూర్చుని శెనక్కాయలు ఒలుచుకుంటూ, టపీమన్న ప్రతిసారీ, "ఇంగొకటి పాయె," అని ఊరికి చాటింపు వేశాడు. సాయంత్రానికి నా చుట్టూ తెల్లటి రవ్వ కుప్ప పడింది. "ముగ్గుకన్నా పనికొస్తాదిలే," అని ఒకావిడ కొంగులో పోసుకుపోయింది.

కుదిరింది, పోయింది

ఆ మర్నాడు మధ్యాహ్నం ఎవరూ లేరు. మునెప్ప చేలో ఉన్నాడు, రెడ్డెమ్మ లోపలుంది, ఊరికి నా మీద మోజు తీరిపోయింది. మిగిలిన రెండు స్ఫటికాల్లో నీళ్ళలా ఉన్నదాన్ని తీసుకున్నాను. పొడుగునా చీలిస్తే ఒక పలక వచ్చింది. దాని అంచును గరుకురాయి మీద అరగదీశాను. అలా చేయకపోతే మేకు పట్టు దొరక్క జారుతుంది. ఆపైన అప్పడాల కర్రతో ఇటు ఒక నొక్కు, తిప్పి అటు ఒక నొక్కు. పెచ్చు లేస్తే చిన్నగా కిట్టుమంటుంది, రాయి విరిగేముందు మొద్దుగా పలుకుతుంది. ఆ తేడా నా వేళ్ళకు తెలుసు. బాణం పుల్లకు కట్టడానికి అడుగున రెండు గంట్లు పెట్టాలి, ఇన్నాళ్ళూ నా కొంప ముంచింది ఆ గంట్లే. ఊపిరి బిగబట్టి నొక్కాను. కిట్టుమంది. రెండోది నొక్కాను. అదీ కిట్టుమంది.

ములికి నిండుగా నా అరచేతిలో ఉంది. వేపాకంత ఉంటుంది. ఎండకు పెడితే నా చేతి గీతలు దాని లోంచి కనబడ్డాయి. సంతోషంతో నాకు ఏడుపొచ్చింది, సిగ్గెందుకు, ఏడ్చాను. కొట్టంలోని రాతి తొట్టిలో కడిగి, తొట్టి అంచు మీద ఆరబెట్టి, కాస్త దూరంగా నిలబడి చూసుకున్నాను. వరండా అటు గోడకు నా పీట, ఇటు గోడకు రాళ్ళ బుట్ట అని మనసులో సర్దేసుకున్నాను కూడా.

అంతలో గాలి దుమారం లేచింది. రెడ్డెమ్మ వడియాలు, నా చీర, ఇంకెవరివో దుప్పట్లు ఎగురుతుంటే పరుగెత్తాను. ఫెళ్ళుమని చేను గట్టున ఈతచెట్టు మీద పిడుగు పడింది. మేము "అర్జునా ఫల్గుణా" అనుకుంటామే, నేనూ అదే అనుకుంటూ దుప్పటి కప్పుకుని లోపల కూర్చున్నాను. కుండపోత. వాన తగ్గాక పోయి చూస్తే తొట్టి అంచు మీద ములికి లేదు. కుడితిలో చెయ్యి పెట్టి కలియబెట్టాను, బురద పిసికాను, ఆవు గడ్డి కింద వెతికి ఒక తాపు తిన్నాను. దొరకలేదు.

తెల్లవారి కొట్టంలో సందడికి లేచాను. ఊరంతా అక్కడే. రెడ్డెమ్మ ఒళ్ళో ఇత్తడి పళ్ళెం, పళ్ళెంలో పసుపూ కుంకుమా పూసుకుని నా ములికి. పక్కన మునెప్ప చేతిలో చెంబు, చెంబులో నురగలు కక్కుతూ పాలు.

"సేపింది!" అన్నాడు మునెప్ప నన్ను చూసి. "పిడుగురాయమ్మా! నిన్న పడిన పిడుగు మా తొట్టికాడ దిగిండాది. మాయమ్మ దాన్ని కడిగి ఆ నీళ్ళు ఆవుకు తాపి, పొదుగు మీద సల్లింది. సేపేసింది!"

పిడుగు పడినచోట రాయి దిగుతుందని, అది కొట్టంలో ఉంటే గొడ్డుకు ఏ రోగమూ రాదని ఆ పల్లెల్లో నమ్మకం. మేము పిడుగుకు ఒక దండం పెట్టి తలుపేసుకుంటాం, వీళ్ళు పోయి దాన్ని ఏరుకొచ్చి పసుపు రాస్తారు.

"అది పిడుగు కాదండీ, నేను చేసిన ములికి. నిన్న తొట్టి మీద నేనే పెట్టాను," అన్నాను.

మునెప్ప నావైపు ఎంతో జాలిగా చూశాడు. "ఊరుకోమ్మా. నువ్వు రాళ్ళను పిండి సేసేది ఊరంతా సూసింది గదా. ఇంత నున్నని పని నీ సేతుల్లో యాడయితాది?"

అందరూ తలలూపారు. ముగ్గుపిండి తీసుకుపోయినావిడ అందరికంటే ఎక్కువ ఊపింది.

సరిగ్గా అప్పుడే బేరగాడు వచ్చాడు. తలగుడ్డ విప్పి దులుపుకుంటూ పళ్ళెంలోకి తొంగి చూసి, "ఇదేందప్పా, గాజు పెంకు. ఒక పూట సేపితే రోజూ సేపుతాదా? ఆవును పట్టకరా," అన్నాడు. మునెప్ప చెంబు వైపు చూశాడు, బేరగాడి చొక్కా జేబు వైపు చూశాడు. రెడ్డెమ్మ చెయ్యి పళ్ళెం అంచును గట్టిగా పట్టుకుంది.

"మాలేసుకోని ఉండావు గదమ్మా," అన్నాడు మునెప్ప నావైపు తిరిగి. "నువ్వే జెప్పు. ఇది గాజా, పిడుగా? నువ్వు యెట్లంటే అట్ల." అంటూ ములికి తీసి నా చేతిలో పెట్టాడు.

నాకు మదనపల్లె అంగడి గుర్తొచ్చింది. ఎంగిలి ఎంగిలే! ఒక్కసారి నాలుకకు తాకిస్తే చాలు. గాజు కాదని తేలుతుంది, ఎంగిలి పడ్డ రాయిని ఏ కొట్టంలోనూ పెట్టుకోరు గనక మర్యాదగా నాకే ఇచ్చేస్తారు, అరవై రూపాయలు కూడా అక్కర్లేదు. వరండా వచ్చినట్టే. నిజంగానే ఆ రాయిని పెదవుల దాకా తెచ్చాను. రెడ్డెమ్మ నన్నే చూస్తోంది. బతిమాలడం లేదు, ఊరికే చూస్తోంది. ఆమె వెనక ఆ నడుమెత్తు ఆవు దూడను నాకుతోంది. రాయిని ఇంకాస్త పైకెత్తి రెండు కళ్ళకూ అద్దుకున్నాను. రెప్పల మీద చల్లగా తగిలింది.

"పిడుగే," అన్నాను.

అక్కడితో ఆగి ఉండాల్సింది. కానీ వరండా పోగొట్టుకున్న మనిషికి ఆ మాత్రం సరదా ఉండొద్దా? "ఈ కొట్టంలోంచి ఆవును తోలుకుపోతే పిడుగు ఊరుకోదు. దాని వెనకే పోతుంది. ఎవరింట్లో కడితే వాళ్ళింటి మీదికే!" అన్నాను, మాలను చేత్తో తిప్పుతూ. బేరగాడు తలగుడ్డ చుట్టుకోవడం కూడా మానేసి చంకలో పెట్టుకుని పోయాడు.

నన్ను బస్సెక్కించడానికి రెడ్డెమ్మ ఒక్కతే వచ్చింది. దారిలో నా సంచిలో శెనక్కాయలు కుక్కుతూ, "తొట్టి మీద నువ్వు పెట్టేది సూసినా," అంది. "వానకు కొట్టుకపోతాదని నేనే తీసినా. నువ్వు నాదంటాంటే గుండె జల్లుమనింది. మావోడి నోరే నన్ను కాపాడె."

"మరి పాలో?"

"తెల్లారకముందే దూడను ఇడిసినా. నాలుగు గుటకలు తాగినాక కట్టేసి వాణ్ణి లేపినా. వాడు దూడను ముందర తాగనీడు, పాలు తగ్గిపోతాయంట! బిడ్డ మూతి తగలకుండా యే తల్లి సేపుతాది?"

"ఆ మాటే మీ అబ్బాయికి చెప్పొచ్చు కదా?"

"సెప్పినా. నేను సెప్తే ముసిల్ది వాగతాండాదంటాడు. పిడుగు సెప్తే ఇంటాడు." బస్సొచ్చింది. నా చెయ్యి పట్టుకుని, "పిడుగన్నాక యెవురో ఒకరి సేతిమీదుగా దిగాల గదమ్మా. ఈసారికి నీ సెయ్యి," అంది.

కుప్పంలో ఆఖరి రాయి

దారిలో పలమనేరు దగ్గర బస్సులోకి మామిడిపండ్ల బుట్టలెక్కాయి. కుప్పం స్టేషన్ చేరేసరికి నేనూ పండు వాసన కొడుతున్నాను. కుప్పంలో మనిషి తెలుగులో పలకరించి, అరవంలో టీ చెప్పి, కన్నడంలో చిల్లర అడుగుతాడు. మూడింట్లో దేనిలో జవాబిచ్చినా నొచ్చుకోడు. స్టేషన్ పక్కన లారీల మీద గదులంత నల్లరాతి దిమ్మెలు ఉన్నాయి. వాటి పక్కన నా సంచి చూసుకుంటే నాకే నవ్వొచ్చింది.

రైలు ఆలస్యం. మిగిలిన ఒక్క స్ఫటికం తీసి బెంచీ మీద కూర్చున్నాను. టీ అబ్బాయన్న మాటే గానీ, వయసులో నాకంటే పెద్దాయన, కెటిల్ పక్కన పెట్టి గౌరవంగా నిలబడి చూశాడు. పెచ్చులు బాగానే లేచాయి. ఒక గంటు కుదిరింది. రెండో గంటు దగ్గర రాయి మొద్దుగా పలికింది.

"పాయెనా?" అన్నాడాయన.

"పోయింది."

"టీ తాగు తల్లీ," అని గ్లాసు చేతికిచ్చాడు. 

తెనాలిలో పాలు

"ఏదీ?" అని మావారు స్టేషన్లోనే చెయ్యి చాపారు. ఆ చేతిలో శెనక్కాయలు పోశాను. కథంతా చెప్పాను. చక్కగా విన్నారు, చివర్లో మునెప్ప మాటే అన్నారు: నీ చేతుల్లో ఎక్కడయింది? వస్తువు లేదు గనక పందెం ఓడిపోయాను. ఆదివారం రాళ్ళు కాలవలో పారబోద్దామని కూడా నిర్ణయమైంది.

కానీ ఆయన నోరు ఊరుకోదుగా. "మా ఆవిడ పిడుగులు చేస్తుందండోయ్" అని టిక్కెట్ల కిటికీలోంచి వచ్చేపోయేవాళ్ళందరికీ చెప్పి నవ్వించారు. శనివారానికల్లా అది మా పాలవాడు వీరాస్వామి చెవిన పడింది. మర్నాడు పొద్దున్నే వచ్చి, చెప్పులు గేటు బయట విడిచి నిలబడ్డాడు.

"అమ్మగారూ, మా గేదె వారంనుంచి చేపట్లేదండీ. నాకూ ఓ పిడుగు చేసిపెట్టండి. అంతదాకా మీ ఇంటికి పాలు పొయ్యలేనండీ."

దూడను ముందు వదిలి చూడమని చెప్పాను, మెళ్ళో మాల లేకపోయె, వింటాడా? "చేస్తాన్లే గానీ చేయడానికి చోటేదీ?" అన్నాను, లోపలికి వినబడేట్టు. మావారికి పొద్దున కాఫీ పడకపోతే మనిషి కాదు. మధ్యాహ్నానికి గులాబీ కుండీలన్నీ ఒక్కొక్కటే డాబా ఎక్కాయి. ఆయనే మోశారు.

సరళ ద్వారా కబురందుతూనే ఉంది. రెడ్డెమ్మ ఆవు కొట్టంలోనే ఉంది, రోజూ చేపుతోంది, మునెప్పే రోజూ పిడుగు కడిగి నీళ్ళు తాపుతున్నాడు, దూడ సంగతి ఆవిడ చూసుకుంటోంది. నాకు మాత్రం రెండో ములికి ఇంతవరకూ కుదరలేదు. ప్రతిదీ గంట్ల దగ్గర విరుగుతోంది. వీరాస్వామి గేదె ఆ వారంలోనే తనంతట తనే చేపింది. అయినా అతను తన పిడుగు కోసం ఓపిగ్గా ఎదురుచూస్తున్నాడు, రోజూ వరండాలోకి తొంగి చూసి దండం పెట్టి పోతున్నాడు. పిడుగులుండే ఇల్లని భయమేమో, మా చెంబులో పోసే పాలల్లో నీళ్ళు కలపడం మానేశాడు.